వాహన ధర్మము : పొగ, రొద, పొరుగు

ఇరుగు పొరుగు అనునది తెలుగున జంటపదము. ఒకటి లేక రెండవది శోభింపదు. ఇల్లు కొనదలచినవాడు గోడలను, కప్పును పరిశీలించుటకంటె ముందు ఇరుగు పొరుగు ఎట్టివారని విచారించుట పెద్దల ఆచారము. ఏలయన, గోడ ఎంత ఎత్తుగా కట్టినను దానిని దాటి వచ్చునవి కొన్ని కలవు. మాట, వాసన, పొగ, చప్పుడు అట్టివి. పూర్వము పొరుగింటినుండి వచ్చు పొగ వంటపొగ, చప్పుడు రోటిచప్పుడు. అవి ఒక వేళకు వచ్చి ఒక వేళకు అణగిపోయెడివి. నేడు దాదాపు ప్రతి వాకిటను ఒక ఇంజను నిలిచియున్నది. అది ఏ వేళనైనను మేల్కొనును. తనతోపాటు వీధినంతను మేల్కొలుపును.

ఈ పాఠమున విచారింపదగిన విషయము ఒక్కటియే. వాహనము యజమాని సొత్తు. దానికి వెల ఇచ్చినవాడు అతడే, పన్ను కట్టువాడు అతడే. కాని అది విడుచు పొగయు, చేయు రొదయు వాకిలి దాటిన క్షణమున అతని చేతిలోనివి కావు. అవి పొరుగువాని ఊపిరిలోను, పొరుగువాని నిద్రలోను ప్రవేశించును. పొరుగువాడు వాటిని కోరలేదు. వద్దని తలుపు మూసుకొన్నను అవి ఆగవు. తప్పించుకొన వీలులేని వానిపై మోపిన భారము కనుక, దానిని తగ్గించు బాధ్యత మోపినవానిదే అగును. దీనినే వాహన ధర్మము అనవచ్చును.

1. ఒక వీధి ఉదాహరణము

ఒక చిన్న పట్టణములోని ఇరుకు వీధిని ఊహింపుడు. ఇరువైపుల ఇండ్లు, నడుమ ఇరువది అడుగుల దారి. ఒక ఇంట ఉబ్బసముతో బాధపడు వృద్ధురాలు కలదు. ఎదుటి ఇంట పదవ తరగతి పరీక్షలకు సిద్ధమగు బాలిక కలదు. ఆ ప్రక్క ఇంట రాత్రి డ్యూటీ ముగించుకొని రెండు గంటలకు పడుకొన్న కార్మికుడు, మూడు నెలల శిశువును ఒడిలో పెట్టుకొన్న అతని భార్య కలరు. వీధి చివరి ఇంటివానికి ఒక పాత ఆటో కలదు. అతడు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి కూరగాయలను రైతుబజారునకు చేర్చవలెను. ఆలస్యమైనచో ఆ దినపు బాడుగ పోవును.

ఆటో ఇంజను బోరుకు వచ్చినది. ఒక పట్టున అంటుకొనదు. అంటుకొన్న పిమ్మట ఆగిపోవునను భయమున అతడు ఐదు నిమిషములు రేసు ఇచ్చును. నీలిపొగ కిటికీలగుండ ఇండ్లలోనికి పోవును. వృద్ధురాలు దగ్గుచు లేచి కూర్చుండును. శిశువు ఏడ్చును. కార్మికుడు గడియ తీసి బయటికి వచ్చి కేక వేయును. ఆటోవాడు, "నీకేమి, జీతము వచ్చును, నా పొట్ట ఎవడు నింపును?" అని బదులు చెప్పును. మరునాడు మాటకు మాట పెరుగును. ఏడాది తిరుగునప్పటికి ఆ రెండు ఇండ్లవారు ఒకరి శుభకార్యమునకు ఒకరు పోవుట మానుకొందురు.

ఇందు దుర్మార్గుడు ఎవ్వడును లేడు. ఒకడు అన్నము కొరకు లేచినాడు. ఒకడు నిద్ర కొరకు అరచినాడు. అరిగిపోయిన పిస్టను రింగులును, వాటిగూర్చి మెత్తగా మాటాడుకొనలేని అశక్తతయు కలిసి రెండు కుటుంబముల పొందును చెరచినవి. పొగ, రొద అనునవి యంత్ర విషయములుగా ఆరంభమై మనుష్య విషయములుగా ముగియునని ఈ ఉదాహరణము తెలుపుచున్నది. కావున ముందు యంత్రమును, పిదప మనుష్యుని గూర్చి తెలిసికొనవలెను.

2. పొగ స్వరూపము

వైద్యుడు నాలుకను చూచి రోగమును ఊహించునట్లు, అనుభవము గల మెకానిక్కు సైలెన్సరు గొట్టమును చూచి ఇంజను దోషమును ఊహించును. పొగకు మూడు రంగులు.

నల్లపొగ: ఇంధనము ఎక్కువై గాలి చాలనప్పుడు నల్లపొగ వచ్చును. డీజిలు బండ్లలో ఇది ఎక్కువ. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకొనుట, నాజిళ్లు పాడగుట, పంపు సరిగా అమరకుండుట, మోయదగిన దానికి మించి బరువు వేయుట దీనికి ముఖ్య కారణములు. నల్లపొగ అనగా సగము కాలిన ఇంధనము. వెల పెట్టి కొన్న డీజిలును యజమాని గాలిలో పారబోయుచున్నాడని దాని అర్థము.

నీలిపొగ: ఇంజను ఆయిలు మండిన వచ్చునది నీలిపొగ. పిస్టను రింగులు గాని, వాల్వు సీళ్లు గాని అరిగినప్పుడు ఆయిలు మంటగదిలోనికి దిగును. పాత రెండు స్ట్రోకుల బండ్లలో ఆయిలు పెట్రోలుతో కలిసియే మండును. పైగా కాలని మిశ్రమములో కొంత భాగము నేరుగా బయటికి పోవును. కావుననే ఆ బండ్ల వెనుక నీలిపొగయు, ఘాటు వాసనయు ఎక్కువ. కిరసనాయిలు కలిపినచో దోషము ఇంకను పెరుగును.

తెల్లపొగ: చలి ఉదయములందు కొంచెము సేపు కనబడి మాయమగు తెలుపు కేవలము నీటియావిరి, అది దోషము కాదు. ఎడతెగక వచ్చినచో, ఇంజనును చల్లార్చు నీరు లోనికి దిగుచున్నదని గాని, ఇంధనము సరిగా అంటుకొనుట లేదని గాని గ్రహింపవలెను.

కంటికి కనబడనిది నాలుగవది కలదు. అది కార్బను మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ఆమ్లజనితో కలియుటకంటె ఈ వాయువుతో రెండువందల రెట్లకు మించిన గాఢతతో కలియును. అందుచే రక్తము ప్రాణవాయువును మోయజాలదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆడించుట ప్రాణాపాయమని ప్రతి ఇంటివారును పిల్లలకు చెప్పవలెను. క్రింద బండ్లు నిలుపుకొని పైన కాపురముండు ఇండ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

పొగలోని అతి సూక్ష్మమైన ధూళికణములు వేరొక అపాయము. రెండున్నర మైక్రోమీటర్లకు లోబడిన కణము తలవెండ్రుక మందములో సుమారు ముప్పదియవ వంతు. అది ముక్కున ఆగదు, గొంతున ఆగదు. ఊపిరితిత్తుల లోతులకు చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో డీజిలు ఇంజను పొగను మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున చేర్చినది. ఇట్టి కణములు ఘనపు మీటరు గాలిలో సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములకు మించరాదని భారతదేశము 2009లో నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ పరిమితిని 5 మైక్రోగ్రాములుగా సూచించినది. శిశువు తన బరువును బట్టి చూడగా పెద్దవానికంటె ఎక్కువ గాలి పీల్చును. నడచు బాలుని ముఖము బండి గొట్టమునకు పెద్దవాని ముఖముకంటె చేరువ. ఒకే పొగ ఇంట అందరికి ఒకే తీరుగా హాని చేయదు. చిన్నవారిని, ముసలివారిని, రోగులను ముందు పట్టును.

ఈ విషయమున దేశము కొంత మేలు సాధించినది. 2000 సంవత్సరమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము దేశమంతట నిలిచిపోయినది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు అమలులోనికి వచ్చి, ఇంధనములోని గంధకము పది లక్షల వంతులలో 50 నుండి 10కి తగ్గినది. అయినను క్రొత్త ఇంధనము అరిగిన రింగులను బాగుచేయజాలదు. బండి ఎంత పాతదో యజమాని శ్రద్ధ అంత ఎక్కువ కావలెను.

3. రొద స్వరూపము

ఇంజనులో ఇంధనము మండిన ప్రతిసారియు వేడివాయువు ఒక్క పెట్టున వెలికి తన్నును. ఆ తాకిడియే చప్పుడు. సైలెన్సరులోని గదులు, రంధ్రములు గల గొట్టములు ఆ తాకిడిని అటునిటు మరల్చి, అలను అలతో ఢీకొట్టించి మెత్తబరచును. లోపలి భాగమును పెరికివేసినను, గొట్టమునకు రంధ్రము చేసినను ఆ తాకిడి నేరుగా వీధిలో పడును. నేటి బండ్లలో విషవాయువులను తగ్గించు క్యాటలిటిక్ కన్వర్టరు కూడ ఆ గొట్టపు దారిలోనే యుండును. గొట్టమును మార్చువాడు పలుమారు దానినిగూడ తీసివేయును. అప్పుడు రొదతోపాటు విషమును పెరుగును.

ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురు. ఈ లెక్క సామాన్యమైన కూడికల లెక్క కాదు. పది డెసిబెల్లులు పెరిగిన ధ్వనిశక్తి పదిరెట్లగును; ఇరువది పెరిగిన నూరురెట్లగును. చెవికి మాత్రము పది పెరిగినప్పుడు సుమారు రెండింతలుగా తోచును. 2003 నుండి అమలులోనికి వచ్చిన ప్రమాణముల ప్రకారము, తయారగునప్పుడు మోటారుసైకిలు చేయదగు ధ్వని 80 సి.సి. వరకు 75 డెసిబెల్లులు, 175 సి.సి. వరకు 77, ఆపైన 80. అట్టి 77 డెసిబెల్లుల బండి గొట్టమును మార్చి 97 చేసినవాడు, ఒక్కడే నూరు బండ్లను ఒకేసారి వీధిలో నడిపినవానితో సమానుడు.

బయలునందు దూరము రెండింతలైనప్పుడు చప్పుడు సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. ఇరుకు వీధిలో గోడలు దానిని తిరుగగొట్టుటచే అంతగా తగ్గదు. అందుచే రహదారిపై సహింపదగిన బండి సందులో అసహ్యమగును. నిద్రించువాడు మేల్కొనకున్నను రొద అతని దేహమును తాకును. గుండె వేగము, రక్తపుపోటు పెరుగును. బహుకాలము రొదలో నివసించువారికి గుండెజబ్బు ముప్పు అధికమని పరిశోధనలు తెలుపుచున్నవి. "అలవాటైపోయినది" అని పొరుగువాడు చెప్పినను, అతని గుండెకు ఆ అలవాటు పూర్తిగా కలుగలేదని గ్రహింపవలెను.

4. శాసనము ఏమనుచున్నది

ధర్మబుద్ధి గలవానికి శాసనముతో పని తక్కువ. అయినను తెలిసియుండుట మంచిది.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 119వ నియమము కర్కశముగా, బెదరునట్లుగా మ్రోగు హారనులను, పలు స్వరములు పలుకు హారనులను నిషేధించినది. 120వ నియమము ట్రాక్టరుతో సహా ప్రతి వాహనమునకును సైలెన్సరు ఉండి తీరవలెనని చెప్పినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏడాది దాటిన ప్రతి ఇంజను వాహనమునకును పొగ పరీక్ష ధ్రువపత్రము ఉండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణచే, అనవసరముగా హారను మ్రోగించువానికిని, సైలెన్సరును తప్పించి పొగను వదలువానికిని మొదటిసారి వేయి రూపాయలు, పిమ్మట రెండువేల రూపాయలు జరిమానా ఏర్పడినది. పొగ, ధ్వని ప్రమాణములను అతిక్రమించి బండి నడుపువానికి పదివేల రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును.

2000 నాటి ధ్వని కాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులను పరిమితిగా నిర్ణయించినవి. రాత్రి అనగా పది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును నూరు మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చును. నివాస ప్రాంతములలో రాత్రివేళ, అత్యవసరమైననే తప్ప, హారను మ్రోగింపరాదు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ప్రశాంతముగా జీవించుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని, వినుటకు ఇష్టపడనివానిచే బలవంతముగా వినిపింపజేయు హక్కు ఎవ్వరికిని లేదని స్పష్టపరచినది.

1976లో జరిగిన 42వ సవరణచే రాజ్యాంగమున పౌరుల విధులు చేర్చబడినవి. వాటిలో ప్రకృతిని కాపాడుటతోపాటు జీవులయెడ దయ కలిగియుండుటయు ఒకటి. ధర్మమునకు దయయే మూలమని పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించినదియు ఇదియే.

5. పూర్వపక్షములు, సమాధానములు

పూర్వపక్షము: బండి జీవనోపాధి. దానిని వీధివారికొరకు ఆపుకొనిన కడుపు నిండునా?

సమాధానము: ఉపాధిని ఆపుకొమ్మని ఎవ్వరును కోరరు. కాయకము పవిత్రమైనది, కష్టించి తిను ఆటోవాడు గౌరవార్హుడు. కాని కాయకమున సాధనమును శుద్ధిగా నుంచుకొనుటయు చేరియున్నది. నేతగాడు మగ్గమును, రైతు నాగలిని చక్కబెట్టుకొనునట్లే వాహనదారుడు ఇంజనును చక్కబెట్టుకొనవలెను. బోరుకు వచ్చిన ఇంజను ఆయిలును త్రాగును, ఇంధనమును మ్రింగును. ఆలస్యమగు కొలది మరమ్మతు వెల పెరుగును. ఒక్కసారి చేయించుటకు చేతిలో సొమ్ము లేనివానికి ఇరుగు పొరుగువారు చేబదులిచ్చుట కలహముకంటె చౌక.

పూర్వపక్షము: రహదారిలో వేల బండ్లు తిరుగుచుండగా ఒక్క బండి పొగ ఏపాటిది?

సమాధానము: ఊరి మొత్తమునకు అది చిన్నది. పొరుగు కిటికీకి మాత్రము అదియే పెద్దది. రహదారి పొగ గాలిలో కలిసి పలుచబడి వచ్చును. వాకిటి పొగ పలుచబడక ముందే గదిలోనికి పోవును. హాని లెక్కలో బండ్ల సంఖ్యతోపాటు దూరమును చూడవలెను.

పూర్వపక్షము: పొగ పరీక్ష ధ్రువపత్రము కలదు గదా?

సమాధానము: పత్రము ఉండవలసినదే. కాని పెట్రోలు బండ్ల పరీక్షలో కార్బను మోనాక్సైడును, కాలని హైడ్రోకార్బనులను ఇంజను నిలకడగా ఆడునప్పుడు కొలుతురు, సూక్ష్మధూళిని కొలువరు. పరీక్షించిన దినము తరువాత ఫిల్టరు మూసుకొనవచ్చును, ఆయిలు దిగవచ్చును. పత్రము జేబులో నుండగనే వెనుక పొగ కనబడుచున్నచో కంటినే నమ్మవలెను.

పూర్వపక్షము: హారను మ్రోగింపకున్న ప్రమాదము జరుగును.

సమాధానము: మలుపులోను, ఎదుటివాడు గమనింపక అడ్డువచ్చినప్పుడును హారను రక్షణ. ఎఱ్ఱదీపము కడ ముందువానిని తరుముటకు, ఇంటివారిని గుమ్మమునకు పిలుచుటకు, కోపము తీర్చుకొనుటకు మ్రోగించునది హింస. క్షణక్షణము మ్రోగు హారనును ఎవ్వరును లెక్కచేయరు. అందుచే నిజమైన ఆపదలోగూడ అది వ్యర్థమగును.

పూర్వపక్షము: సైలెన్సరు మార్చినచో బండికి బలము, నడుపువానికి ఠీవి కలుగును.

సమాధానము: గొట్టము, ఇంజను, ఇంధనపు పాళ్లు ఒకదానికొకటి కుదిరినట్లు తయారీదారు అమర్చును. ఒక్క గొట్టమును మార్చిన కుదురు చెడునే గాని నిత్యోపయోగమున బలము పెరుగదు. ఇక ఠీవి మాట. తెలుగునాట పలు పట్టణములలో పోలీసులు అట్టి సైలెన్సరులను ఊడబెరికి రోడ్డురోలరుతో తొక్కించిరి. పదిమంది నిద్రచెరచి సంపాదించిన ఠీవి అంత మాత్రమే నిలుచును. యువకునికి ఈ మాట చెప్పదగినవారు ముందు తలిదండ్రులు. కొన్నదియు, కొనిపెట్టినదియు వారే అయినచో వారి బాధ్యత రెండింతలు.

6. పొరుగువానికి చెప్పు తీరు

బాధపడువానికిని ఒక ధర్మము కలదు. బాధ నిజమైనంత మాత్రమున మాట కర్కశమై యుండనక్కరలేదు. పైన చెప్పిన వీధిలో కార్మికుడు నాలుగున్నరకు, నిద్రమత్తులో, నలుగురి ఎదుట అరచినాడు. ఆ మాట సత్యమే. కాని వేళయు, తావును తప్పు. అదే మాటను సాయంకాలము ఆటోవాని అరుగుపై కూర్చుండి, "అన్నా, పాప నిద్ర లేచుచున్నది; ఇంజను ఒకమారు చూపించరాదా? తెలిసిన మెకానిక్కు ఉన్నాడు" అని చెప్పియున్నచో ఫలితము వేరుగ నుండెడిది. చెప్పుటలో మూడు మెలకువలు పాటింపదగును. మొదటిది, ఒంటరిగా చెప్పవలెను. నలుగురిలో చెప్పిన మాట అవమానమగును. రెండవది, దోషమును బండిపై ఉంచవలెను, మనిషిపై ఉంచరాదు. మూడవది, ఉపాయమును కూడ చూపవలెను. బండిని వీధి మొదట రహదారి చెంత నిలుపుకొనుటకు చోటు చూపుట, ఆరంభించిన వెంటనే కదలుమని కోరుట అట్టి ఉపాయములు.

విన్నవానికిని ధర్మము కలదు. ఫిర్యాదు వినబడిన దినమును మేలుదినముగా ఎంచవలెను. ఏలయన, చెప్పక సహించువారు ఇంకను పలువురు ఉందురు. వృద్ధులు, అద్దెకున్నవారు, పేదవారు నోరు తెరువరు. ఒక్కడు చెప్పిన మాట పదిమంది మౌనమునకు గొంతు. ధనికుని కారు రొదను, జనరేటరు పొగను గూర్చి పనిమనిషి చెప్పజాలదు. కావున ధనికుడు చెప్పించుకొనక ముందే సరిదిద్దుకొనవలెను.

పలుమారు మెత్తగా చెప్పినను వినని చోట వీధి పెద్దలతో చెప్పించుట, పిమ్మట పోలీసులకు గాని, కాలుష్య నియంత్రణ మండలికి గాని తెలుపుట తప్పు కాదు. అది కడపటి మెట్టు, మొదటిది కారాదు.

7. యాత్రలయందు, ఉత్సవములయందు

ఇంటివద్ద ఒదిగియుండువారు యాత్రలో మరచిపోవుట కలదు. శ్రీశైల యాత్రయే ఇందుకు తార్కాణము. ఉగాదికి కర్ణాటకమునుండి వేలకొలది భక్తులు కాలినడకన ఆ క్షేత్రమునకు వత్తురు. బహుదూరము రహదారుల ప్రక్కన నడచి, పిదప వేంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిదారిని ఎక్కుదురు. ఊరక కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు సుమారు 6 నుండి 8 లీటర్ల గాలిని పీల్చును. మూట మోసికొని నడచువాడు దానికి నాలుగైదు రెట్లు పీల్చును. అట్టివాని ప్రక్కనే బరువెక్కిన వాహనము నల్లపొగ వదలుచు, హారను మ్రోగించుచు పోయినచో, వాహనములోని భక్తునికి పుణ్యమెంత, నడచు భక్తునికి కష్టమెంత అని ఆలోచింపవలెను. ఆ దారిలో అతడే పొరుగువాడు.

నల్లమల పెద్దపులులకు రక్షితారణ్యము. అందుచే శ్రీశైలమునకు పోవు అడవిదారిలో రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు వాహనములను ఆపుదురు. ఆలస్యమైనదని కావలివారితో వాదించువారు, ఆ వేళ అడవి తనవారిది అని తెలిసికొనవలెను. చెవి చప్పుళ్లను విని ఆహారమును, ఆపదను గుర్తించు మృగమునకు హారను ఎట్టిదో మానవుడు ఊహింపవచ్చును.

మఠములవద్ద, కల్యాణమండపములవద్ద ఉత్సవదినములలో పదుల బండ్లు చేరును. అతిథులకొరకు ఇంజను ఆపక ఏసీ ఆడించు కార్లు, గుమ్మమునకు చేరువగా నిలిపిన జనరేటరు, ఊరేగింపున రేసు ఇచ్చు మోటారుసైకిళ్లు చుట్టుపట్ల ఇండ్లవారికి బాధ కలిగించును. నిర్వాహకులు బండ్లకు దూరముగా చోటు చూపి, ముసలివారికొరకు మాత్రము గుమ్మమువరకు అనుమతించినచో చాలును. ఇట్టి యేర్పాటు సంస్థకు గౌరవము తెచ్చును.

8. ఆచరణ నియమములు

(అ) గాలి ఫిల్టరు, ఇంజను ఆయిలు, నాజిళ్లు లేక ప్లగ్గు నియమిత కాలమున చూపించుకొనవలెను. పొగ రంగును వారమునకొకమారు వెనుక నిలిచి చూడవలెను.

(ఆ) నేటి కార్లకు, మోటారుసైకిళ్లకు బయలుదేరుటకు ముందు అర నిమిషము చాలును; మెల్లగా నడుపుటయే ఇంజనును వెచ్చజేయును. గాలిబ్రేకుల బస్సులు, లారీలు మాత్రము ఒత్తిడి చేరువరకు ఆగవలెను. అట్టివానిని ఇండ్లకు దూరముగా నిలిపి, రేసు ఇయ్యక ఆడింపవలెను.

(ఇ) బండి గొట్టమును పొరుగు కిటికీవైపు ఉండునట్లు నిలుపరాదు.

(ఈ) ఎవరికొరకైనను వేచియున్నప్పుడు ఇంజను ఆపవలెను. బడి వాకిట ఇది తప్పనిసరి.

(ఉ) రాత్రి పది దాటిన పిమ్మట ఇల్లు చేరువాడు హారనుతో పిలువక, దిగి తలుపు తట్టవలెను.

(ఊ) తయారీదారు అమర్చిన సైలెన్సరును, హారనును మార్పింపరాదు. పిల్లలకు బండి కొనిపెట్టునప్పుడే ఈ షరతు చెప్పవలెను.

(ఋ) క్రొత్త బండి కొనువారు శక్తి కలిగిన విద్యుత్తు వాహనమును ఆలోచింపవచ్చును. దానికి గొట్టపు పొగ లేదు, ఇంజను రొద లేదు. హారను మాత్రము అన్నిటివలెనే యజమాని వ్రేలి క్రిందనే యుండును.

ఈ నియమములలో వేనికిని పెద్ద వ్యయము లేదు. వాకిట నిలిచిన యంత్రమును పొరుగువాని కిటికీలోనుండి ఒకమారు చూచు దృష్టి కావలెను.

కుటుంబమున చర్చింపదగిన ప్రశ్నలు

1. ఇంటి వాహనము ఆరంభమగునప్పుడు ఏ ఇండ్లవారికి ఎక్కువగా వినబడును? ఆ ఇండ్లలో రోగులు, శిశువులు, పరీక్షలకు చదువువారు ఎవరు కలరు?

2. నల్లపొగకు, నీలిపొగకు గల భేదమేమి? ఇంటి బండి పొగ ఏ రంగు?

3. ఉదాహరణములోని ఆటో యజమాని, కార్మికుడు ఇద్దరును తమ తమ పక్షమున ఏమి చేసియుండవలసినది?

4. ఫిర్యాదు చెప్పజాలని పొరుగువారు వీధిలో ఎవరు? వారి మాటను చెప్పకయే వినుట ఎట్లు?